సుక్కు కాఫీలో కాఫీ ఎక్కడుంది?

మన ఇళ్లల్లో సుక్కు కాఫీ తాగనివాళ్లు తక్కువ. అందులో కాఫీ ఎక్కడుందని అడిగినవాళ్లు ఇంకా తక్కువ. శొంఠి, ధనియాలు, మిరియాలు, బెల్లం, నీళ్లు, అంతే. ఒక్క కాఫీ గింజ పడదు. అయినా తళి అంగట్లో అడిగినా, హొసూరు బస్టాండులో అడిగినా దాని పేరు కాఫీనే. ధనియాల కాఫీదీ అదే కథ. ఈ పేరు ఎట్లా వచ్చిందా అని వెతుకుతూ పోతే మన పాత సేలం జిల్లా చరిత్ర కొంత, ఊరు దాటిన చరిత్ర కొంత చేతికి తగిలింది. అందుకే ఈసారి వంశవృక్షం పక్కన పెట్టి, పొయ్యి మీది చెంబు గురించి రాస్తున్నాము.

తళి ఎక్కడుంది అని అడిగే దూరపు చుట్టాల కోసం రెండు మాటలు. కృష్ణగిరి జిల్లా దేన్కనికోట తాలూకా, కర్ణాటక గట్టు పక్కనే. 3,000 అడుగులకు అటూ ఇటూ ఎత్తు. చలి చూసి తెల్లదొరలు లిటిల్ ఇంగ్లండ్ అన్నారట, ఆ పేరు ఇంకా చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కచేరీలో తమిళం. దినుసుల పేర్లు కూడా ఈ మూడు గుమ్మాలు దాటే వస్తాయి. ఇంట్లో శొంఠి, బడిలో శుంఠి, అంగట్లో చుక్కు. చుక్కు మన నోట్లో సుక్కు అయింది.

కన్నడ మీడియంలో చదివిన మాకు ఒక సంగతి చానా రోజులు అర్థం కాలేదు. తెలుగులో కషాయం అంటే ముక్కు మూసుకుని మింగేది. పిల్లోళ్లను బెదిరించడానికి పనికొచ్చే మాట. కన్నడంలో కషాయ అంటే అట్లా కాదు. మలెనాడులో, కరావళిలో ఇంటికొచ్చిన చుట్టానికి పాలు, బెల్లం వేసి కషాయ ఇస్తారు. ధనియాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, మిరియాలు వేయించి కొట్టిన పొడి డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది. దినుసులు దాదాపు అవే. ఒక భాషలో మందు, ఇంకో భాషలో మర్యాద. మా ఊరు ఈ రెండింటి నడుమ ఉంది కాబట్టి, మా అవ్వ దాన్ని మందని అనలేదు, కషాయమనీ అనలేదు. "మందు కాదప్పా, కాఫీ ఇది, బిన్నే తాగు" అనేది.

నిజానికి కషాయం అన్న మాటకు చేదుతో సంబంధం లేదు. ఆరు రుచుల్లో చేదు తిక్తం, కషాయం అంటే వగరు. ఇక మందు తయారీ సంగతికొస్తే చరక సంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో కషాయం చేసే పద్ధతులు ఐదు చెప్పారు. రసం పిండడం, ముద్ద నూరడం, నీళ్లలో మరగబెట్టడం, చల్లనీళ్లలో రాత్రంతా నానబెట్టడం, వేడినీళ్లలో వేసి కాసేపు ఉంచి వడగట్టడం. ఈ ఐదోదాని పేరు ఫాంటం. ఇప్పుడు దారం కట్టిన కాగితం సంచిని కప్పులో ముంచుతున్నామే, అది ఫాంటమే. వేరు, గింజ మరగబెట్టాలి, ఆకు, పువ్వు నానబెట్టాలి అన్న తేడా మన వంటింట్లో ఎవరూ చదవకుండానే తెలుసు. తులసాకును పది నిమిషాలు కుతకుత ఉడికించే ఇల్లు మేము చూడలేదు.

ఇవన్నీ కాఫీ కన్నా చానా పాతవి. అట్లాంటప్పుడు కాఫీ అన్న పేరు మాత్రం కాఫీ మన పొయ్యి దగ్గరికి వచ్చినాకే అతుక్కుని ఉండాలి. అది ఎప్పుడు?

బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటిన కథ అందరికీ తెలిసిందే. మనకు అంతకన్నా దగ్గరిది ఏర్కాడు. 1820 నుంచి 1829 దాకా సేలం కలెక్టరుగా ఉన్న కాక్‌బర్న్ అనే స్కాట్లండ్ దొర అక్కడ కాఫీ పెంచించినాడు. హొసూరు, తళి అప్పుడు సేలం జిల్లానే. అంటే కాఫీ చెట్టు మన జిల్లాలోనే ఉంది, కాఫీ మాత్రం మన చెంబులో లేదు. పండింది పండినట్టు సీమకు పోయేది. రాగి సంకటి తిని, అంబలి తాగే ఇంటికి కాఫీపొడి కొనే లెక్క ఎక్కడిది?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాఫీ తమిళ మధ్యతరగతి ఇళ్లల్లోకి ఎట్లా వచ్చిందో, దాన్ని చూసి పెద్దలు ఎంత గాబరా పడినారో చరిత్రకారుడు ఎ.ఆర్. వెంకటాచలపతి 2006లో వేసిన ఒక పుస్తకంలో రాసినారు. "ఆ రోజుల్లో కాఫీ లేదు" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు దానిది. టీ సంగతి ఇంకో రకం. 1903లో టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం చేసి జనానికి టీ అలవాటు చేయించినారు. 1930ల్లో టీ ప్రచారం చేసేవాళ్లు ఊళ్లలో ఊరికే టీ పోసి చూపించేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరపు అంగళ్లు మూతబడేసరికి కాఫీకీ మన దేశపు నోళ్లే దిక్కయినాయి. 1942లో కాఫీ చట్టం వచ్చింది, కాఫీ బోర్డు నిలబడింది.

దీని నడుమ మన జిల్లాకే చెందిన తారీఖు ఒకటి ఉంది. 1937 అక్టోబరు 1. ఆ రోజు రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం తెచ్చింది. రాజాజీ హొసూరు పక్క తొరపల్లిలో పుట్టినవాడు, ప్రయోగం సొంత జిల్లాలోనే మొదలుపెట్టినాడు. కల్లంగడి మూతబడితే సాయంత్రం పూట నలుగురు కూర్చునేందుకు ఇంకో అంగడి కావాల కదా. కాఫీ, టీ అంగళ్లకు అది మంచి అదును అయివుంటుందని మా అంచనా.

అప్పటికి కాఫీ అంటే గౌరవం. వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చే ఇల్లు ఒక మెట్టు పైది. కాఫీపొడి కొనలేని ఇల్లు, కొనగలిగీ పిల్లలకు, బాలింతలకు వద్దనుకున్న ఇల్లు పాత కషాయాన్నే కొత్త లోటాలో పోసి కాఫీ అనింది. తాగే తీరు కాఫీది, లోపలుండేది కషాయం. ఇది పేదరికాన్ని కప్పిపుచ్చుకునే మాట అని కొందరంటారు. మేము ఒప్పుకోము. కాఫీ వద్దని గట్టిగా వాదించిన గాంధీ కూడా అదే పని చేసినాడు. 1913లో ఇండియన్ ఒపీనియన్ పత్రికలో గుజరాతీలో రాసిన ఆరోగ్య వ్యాసాల్లో, గోధుమలు ఎర్రగా వేయించి పొడి కొట్టి కాఫీలాగా కాచుకోమన్నాడు. రాజాజీకి వియ్యంకుడైన మనిషి, కాఫీ మాన్పించడానికి ఇంకో కాఫీయే చూపించినాడు!

పేరు అరువు తెచ్చుకోవడం మన ఒక్కరి పని కూడా కాదు. దక్షిణాఫ్రికా సెడర్‌బర్గ్ కొండల్లో రూయిబోస్ అనే పొద ఉంది. దాని ఆకును అక్కడి పాత జనం ఎప్పటినుంచో వాడేవాళ్లు. 1904 ప్రాంతంలో బెంజమిన్ గిన్స్‌బర్గ్ అనే వర్తకుడు దాన్ని వ్యాపారంగా పెంచినాడు. ఎర్రగా, కొంచెం తియ్యగా ఉంటుంది, కెఫీన్ అసలు లేదు. వృక్షశాస్త్రం లెక్కలో టీ అంటే కామెల్లియా సినెన్సిస్ ఆకు ఒక్కటే. రూయిబోస్ ఆ కుటుంబమే కాదు, అయినా లోకమంతా దాన్ని టీ అంటుంది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ ఎక్కి డర్బన్ దిగినవాళ్లలో, ఆ తర్వాత వచ్చినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. నాటాల్లో ఆ కాలంలో టీ తోటలు ఉండేవి, వాటిలో ఒప్పంద కూలీలుగా పోయిన మనోళ్లు ఆకు కోసినారు. వాళ్ల మునిమనవళ్లు ఇప్పుడు అంగట్లో రూయిబోస్ కొంటారు.

ఇదంతా ఉత్త పేర్ల గొడవ కాదని మా ఇంట్లోనే తెలిసింది. మా నాయనకు నిద్ర పట్టదు. సాయంత్రం కాఫీ మానమన్నారు. కెఫీన్ సగం దిగడానికి సుమారు 5 గంటలు పడుతుంది, 5 గంటలకు తాగితే రాత్రి 10కి సగం ఇంకా ఒంట్లోనే. బెంగళూరు నుంచి ఖరీదైన హెర్బల్ టీ తెచ్చి పెట్టినాము. రెండు రోజులు చూసి, "ఇది ఆసుపత్రి నీళ్లు" అన్నాడు. డబ్బా మీద చదివితే శొంఠి, ధనియాలు, తులసి! అవే దినుసులు మా అమ్మ ఇత్తడి లోటాలో పోసి "ధనియాల కాఫీ" అని ఇచ్చింది. ఇప్పటికీ అదే తాగుతున్నాడు. ఆ పొడి కుదిరే చెయ్యి మా ఇంట్లో ఆమెది ఒక్కటే. కొలత అడిగితే "చూసి వేసుకో" అంటుంది.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలనేది అక్కడి నియమం. అమ్మ పక్కన నిలబడి అట్లాగే చేసినాము. ధనియాలు వేయించకుండా కాస్తే నిమ్మతొక్క వాసన వస్తుంది, లినలూల్ అనే నూనె పదార్థం వల్ల. సన్నసెగ మీద రంగు తిరిగేదాకా వేయిస్తే వేరుశనగ లాంటి కమ్మదనం. ఇంకా నల్లగా చేస్తే కాఫీకి దగ్గరి చేదు, కానీ ధనియం పోతుంది. రంగు తిరిగిన క్షణమే దించడం మాకు నచ్చింది. ఇక శొంఠి. పచ్చి అల్లంలో ఉండే జింజెరాల్ ఎండేటప్పుడు కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఎక్కువ. అందుకే సుక్కు నాలుక మీద కాదు, గొంతు దిగినాక మండుతుంది. తొందరగా తాగితే ఆ రుచి తెలియదు, గుటకకూ గుటకకూ నడుమ కాసేపు ఆగాలి. మా కొలత రెండు లోటాల నీళ్లకు రెండు చెంచాల ధనియాల పొడి, పావు చెంచా శొంఠి, మూడు మిరియాలు, నీళ్లు ఒకటిన్నర లోటా అయ్యేదాకా. బెల్లం దించినాకే వేయాలి. బెల్లంతో కలిపి పాలు మరగబెడితే విరిగిపోవచ్చు.

చివరగా తంగేడు. తమిళంలో ఆవారం, కన్నడంలో తంగడి. తెలంగాణకు అది రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే పువ్వు. మన పక్క మాత్రం దాని బెరడుకే విలువ ఉండేది, తోళ్లు పదును చేయడానికి. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ బెరడు వచ్చి దాని గిరాకీ తగ్గించింది. సిలోనులో దీని ఆకును మాతర టీ అన్నారు, ఎండిన పువ్వును రణవర పేరుతో ఇప్పటికీ కాచుకుంటారు. ఎండు పువ్వులు ఒక చిటికెడు వేడినీళ్లలో ఐదు నిమిషాలు చాలు. గడ్డి రంగు, కొంచెం వగరు, వెనకాల తేనె వాసన. చక్కెర జబ్బుకు, మూర్ఛకు మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా రోజూ తాగొద్దు. తళి చుట్టూ పాలిహౌసుల్లో గులాబీలు విరగ్గాస్తున్నాయి, వాటి రెక్కలతో టీ చేద్దామని మాత్రం అనుకోకండి. ఎగుమతికి పెంచే ఆ పూల మీద ఎన్ని మందులు కొడతారో తోటలో పనిచేసేవాళ్లను అడిగితే చెప్తారు.

తంగేడు ఎవరూ నాటేది కాదు, బీడు నేలలో తానే వచ్చేది. బీడు లేఅవుట్ అయితే అది పోతుంది. దేన్కనికోట దారిలో మేము చిన్నప్పుడు చూసిన పొదల జాగాలో ఇప్పుడు సున్నం కొట్టిన రాళ్లున్నాయి. మా చేని గట్టు మీద రెండు మిగిలినాయి. పొద్దు ఎక్కక ముందే, రోడ్డు దుమ్ము పడని పక్క పువ్వులు కోసి, నీడలో పాత పంచె మీద నాలుగు రోజులు ఆరబెడుతున్నాము. పొద బతకాల కాబట్టి మూడో వంతుకు మించి కోయడం లేదు.