రోగులు, వికలాంగులు, వృద్ధుల విమాన ప్రయాణం: బీర్కూర్ ప్రాంతం

బీర్కూర్ కామారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రం. బాన్సువాడకు, మంజీర నదికి దగ్గరలో ఉంటుంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా నిజామాబాద్ జిల్లాలోనే ఉండేది. నిజాంసాగర్ నీళ్లతో వరి పండే ఈ ఊళ్లకు విమానంతో ఏం పని అని బయటివాళ్లు అనుకోవచ్చు. కానీ ఉమ్మడి నిజామాబాద్ జిల్లా పల్లెల్లో దుబాయి, మస్కట్, కువైట్ పేర్లు పక్క ఊరి పేర్లంత మామూలుగా వినిపిస్తాయి. ఇక్కడివాళ్లకు విమానం విహారయాత్ర కాదు, బతుకుదెరువు. ఒళ్లు బాగున్నప్పుడు ఎక్కిన మనిషి, ఒళ్లు చెడ్డప్పుడు అదే విమానంలో తిరిగి రావాలి. ఆరోగ్యం బాగాలేనివాళ్లను, నడవలేనివాళ్లను విమానాలు ఎక్కించుకున్న చరిత్ర అందుకే ఈ ప్రాంతానికి దూరపు సంగతి కాదు.

మొదటి రోజులు

విమానంలో ప్రయాణికుల బాగోగులు చూసే ఉద్యోగం నర్సులతోనే మొదలైంది. 1930 మే 15న అమెరికాలో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ విమానంలో విధులకు ఎక్కిన ఎలెన్ చర్చ్ శిక్షణ పొందిన నర్సు. ఆమెతో పాటు తొలి జట్టులో చేరినవాళ్లందరూ నర్సులే. అప్పటి విమానాలు తక్కువ ఎత్తులో, గాలి కుదుపుల మధ్య ఎగిరేవి. వాంతులు, తలతిరుగుడు, భయం అందరికీ మామూలే. నర్సు ఉందంటే జనానికి ధైర్యం వస్తుందని ఆమె కంపెనీని ఒప్పించింది. ఆ లెక్కన తొలి విమానంలో ప్రతి ప్రయాణికుడూ కొంతవరకు రోగే. ‘మామూలు ప్రయాణికుడు’, ‘ప్రత్యేక అవసరం ఉన్న ప్రయాణికుడు’ అన్న గీత తర్వాత గీసుకున్నదే.

1940లో బోయింగ్ 307 రాకతో లోపలి గాలి పీడనాన్ని అదుపులో ఉంచే విమానాలు ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చాయి. కుదుపులు తగ్గాయి. ఎత్తు పెరిగింది. దాంతో కొత్త చిక్కు వచ్చింది. విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఎగిరినా లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీది గాలిలా ఉంటుంది. అంటే కూర్చున్న చోటే సిమ్లా ఎక్కినట్టు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, రక్తంలో ఆక్సిజన్ కొంత తగ్గుతుంది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లకు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లకు, రక్తం బాగా తక్కువున్నవాళ్లకు ఆ కొంతే ప్రమాదం. ఇంకొకటి, పీడనం తగ్గితే ఒంట్లో చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది. ఆపరేషన్ చేసిన పొట్టలోనో, కంట్లోనో గాలి మిగిలి ఉంటే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. ఎముక విరిగి కొత్తగా కట్టు వేసిన కాలు కట్టు లోపలే వాస్తుంది. అందుకే కట్టు వేసి 48 గంటలు కాకుంటే దాన్ని నిలువునా చీల్చి గానీ ఎక్కించరు. పరంజా మీది నుంచి పడ్డ మేస్త్రీని గల్ఫ్ నుంచి ఇంటికి పంపేటప్పుడు ఈ ఒక్క నియమం తెలిసి ఉండడం కాలిని కాపాడుతుంది.

వీటిని తేల్చడానికి విమాన సంస్థలు డాక్టరు నింపే ఒక ఫారాన్ని తెచ్చాయి. దాన్ని మెడిఫ్ అంటారు. టికెట్ మీద వేసే గుర్తులూ అలా వచ్చినవే. మెట్లు ఎక్కగలిగి, దూరం నడవలేని మనిషికి డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్ఎస్. సీటు దాకా మోసుకుపోవాల్సి వస్తే డబ్ల్యూసీహెచ్‌సీ. ఈ చివరి అక్షరం తప్పు పడితే విమానం తలుపు దగ్గర ఎవరూ ఉండరు. టికెట్ తీసే ఏజెంటును ఈ ఒక్క ముక్క అడిగి చూసుకోవడం మంచిది.

బొంబాయి దారి, శంషాబాద్ దారి

1970లలో చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలయ్యాక ఉత్తర తెలంగాణ నుంచి వలస ఊపందుకుంది. ఆ తరం ప్రయాణం బొంబాయి మీదుగా సాగేది. నిజామాబాద్‌లోనో కామారెడ్డిలోనో రైలెక్కి రెండు రోజులు ముందే వెళ్లి, ఏజెంటు చూపిన గదిలో వీసా కోసం కాచుకునేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు నడుము విరిగిన మనిషికైనా అదే దారి. విమానం దిగాక ఇంకా ఒక రాత్రి రైలు. హైదరాబాద్‌లోని బేగంపేట నుంచి గల్ఫ్‌కు నేరుగా విమానాలు వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. 2008 మార్చి 23న శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పని మొదలుపెట్టడంతో ప్రయాణికుల రాకపోకలన్నీ అక్కడికి మారాయి. ఏరోబ్రిడ్జిలు, లిఫ్టులు ఉన్న కొత్త టెర్మినల్ నడవలేనివాళ్లకు నిజంగానే మేలు చేసింది. బీర్కూర్ మనిషికి మాత్రం విమానాశ్రయం నగరానికి అవతలి కొసకు జరిగింది.

పడుకోబెట్టి తెచ్చే ప్రయాణాన్ని స్ట్రెచర్ కేసు అంటారు. వెనక వరసల్లో సీట్లు మడిచి, వాటి మీద స్ట్రెచర్ బిగించి, చుట్టూ తెర కడతారు. ఆరు సీట్లో, ఇంకా ఎక్కువో పోతాయి. వాటన్నిటికీ, తోడు వచ్చే నర్సుకో డాక్టరుకో కూడా టికెట్ డబ్బు కట్టాలి. నెలల జీతం కలిపినా ఒక కూలీకి అందని సొమ్ము అది. కంపెనీ కట్టకుంటే క్యాంపులోని తెలుగువాళ్లు తలా కొంత వేసుకుంటారు. 2009లో భారత ప్రభుత్వం పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి రాయబార కార్యాలయాలు ఇలాంటి కేసులకు సాయం చేస్తాయి. ఎమిగ్రేషన్ అనుమతి మీద పోయే కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా 10 లక్షల బీమా వస్తుంది. విజిట్ వీసా మీద పోయినవాళ్లకు ఇది ఉండదు. చివరికి ఆస్పత్రి మంచం మీద చేతిలో ఏ కాగితమూ లేకుండా మిగిలేది ఎక్కువగా వాళ్లే.

2020 మేలో, కరోనా వేళ విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ మిషన్ మొదలైనప్పుడు గర్భిణులకు, వృద్ధులకు, అత్యవసర వైద్యం కావలసినవాళ్లకు ముందు చోటిచ్చారు. అందరూ ఆగిపోయిన వేళ ఎవరిని ముందు ఎక్కించాలన్న ప్రశ్నకు రాజ్యం సూటిగా జవాబిచ్చిన సందర్భం అది.

దయ నుంచి హక్కుకు

అమెరికాలో 1986లో ఎయిర్ క్యారియర్ యాక్సెస్ చట్టం వచ్చింది. వికలాంగులన్న కారణంతో విమాన సంస్థలు వివక్ష చూపకూడదని అది చెప్పింది. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం రవాణా గురించి మాట్లాడినా, విమానాలకు పట్టే నియమాలను పౌర విమానయాన డైరెక్టరేట్ 2008 మేలో జారీ చేసింది. వికలాంగులను ఎక్కించుకోనని సంస్థలు అనకూడదు, వీల్‌చైర్‌కు డబ్బు తీసుకోకూడదు, ప్రయాణికుడు తన అవసరాన్ని 48 గంటల ముందు తెలపాలి అన్నవి వాటి సారం.

కాగితం మీది మాట తలుపు దగ్గర నిలవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. 2012 ఫిబ్రవరి 19న కోల్‌కతా నుంచి గోవా పోయే స్పైస్‌జెట్ విమానంలో కూర్చున్న జీజా ఘోష్‌ను కిందికి దింపేశారు. ఆమెకు సెరెబ్రల్ పాల్సీ. తనలాంటివాళ్ల హక్కుల కోసం పనిచేసే మనిషి, అప్పుడు ఒక సదస్సుకు పోతున్నది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016 మే 12న కోర్టు ఆమెకు 10 లక్షల పరిహారం ఇమ్మంది. ఆ తీర్పు విలువ సొమ్ములో లేదు. వికలాంగులకు కావలసింది జాలి కాదు, తక్కినవాళ్లతో సమానమైన గౌరవం అని దేశపు అత్యున్నత న్యాయస్థానం విమానం సీటు విషయంలో చెప్పింది. అదే ఏడాది డిసెంబర్‌లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది.

2022 మేలో రాంచీలో ఒక వికలాంగ బాలుడిని ఇండిగో సిబ్బంది ఎక్కించుకోలేదు. డైరెక్టరేట్ 5 లక్షల జరిమానా వేసి, జులైలో నియమం మార్చింది. ప్రయాణంలో ఆరోగ్యం చెడుతుందని అనుమానం వస్తే కౌంటర్లో ఉన్నవాళ్లు తేల్చకూడదు, డాక్టరు స్వయంగా చూసి చెప్పాలి. ఆ తర్వాత కూడా కాదంటే కారణం వెంటనే రాసి ఇవ్వాలి. ఇది ప్రతి ఊళ్లోనూ తెలియాల్సిన సంగతి.

తనిఖీ దగ్గరి అవమానం వేరు. ‘మయూరి’ సినిమాతో తెలుగువాళ్ల ఇంటి మనిషైపోయిన సుధా చంద్రన్ జైపూర్ కృత్రిమ కాలుతో నాట్యం చేసింది. విమానాశ్రయాల్లో ప్రతిసారీ ఆ కాలు విప్పమంటున్నారని 2021 అక్టోబర్‌లో ఆమె బహిరంగంగా ప్రధానికి విన్నవించుకుంది. విమానాశ్రయాల భద్రత చూసే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆమె గొంతు దేశమంతా వినిపించింది. ప్రమాదంలో కాలు పోయి గల్ఫ్ నుంచి తిరిగొచ్చే కూలీ అదే వరసలో నిలబడి, చెప్పిందల్లా విప్పుతాడు.

మాట కోసం కుర్చీ

ఈ మధ్య శంషాబాద్‌లో వీల్‌చైర్ల వరస పెరగడానికి కారణం గల్ఫ్ కాదు, అమెరికా. కూతురి పురుడుకో, మనవడిని చూసుకోవడానికో వెళ్లే తల్లిదండ్రులకు పిల్లలు టికెట్‌తో పాటే వీల్‌చైర్ కూడా అడుగుతారు. వాళ్లలో పొలం గట్ల మీద రోజంతా నడవగలిగినవాళ్లూ ఉంటారు. వాళ్లకు నడక రాక కాదు, ఇంగ్లిష్ రాక. దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మారాల్సిన చోట బోర్డు చదవలేరు, అడగలేరు. కుర్చీ తోసే మనిషి ఉంటే ఇమిగ్రేషన్ దాటించి రెండో విమానం తలుపు దాకా దిగబెడతాడు. దీన్ని మోసమని తిట్టేవాళ్లున్నారు. అది న్యాయం కాదు. తోడు మాత్రమే కావలసినవాళ్ల కోసం మాస్ అనే వేరే గుర్తు ఉంది. చాలామంది ఏజెంట్లు దాని ఊసే ఎత్తరు. అది అందరికీ తెలిస్తే కుర్చీ నిజంగా కావలసినవాళ్లకు మిగులుతుంది. కుర్చీల కొరత ప్రాణం మీదికి కూడా తెచ్చింది. 2024 ఫిబ్రవరి 12న న్యూయార్క్ నుంచి వచ్చి ముంబయిలో దిగిన వృద్ధ దంపతులకు ఒక్క వీల్‌చైరే దొరికింది. భార్యను అందులో కూర్చోబెట్టి పక్కన నడిచిన 80 ఏళ్ల భర్త ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోయాడు. ఎయిర్ ఇండియాకు 30 లక్షల జరిమానా పడింది.

మిగిలిన దూరం

నియమాలన్నీ సీటు దాకా తీసుకొచ్చాయి. సీటులో కూర్చున్నాక సంగతి వేరు. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు కూలీలు ఎక్కువగా ఎక్కే బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఏ320 రకాలకు మధ్యలో ఒకటే నడవ ఉంటుంది. వాటి మరుగుదొడ్డిలో నిలబడగలిగినవాడు తిరగడమే కష్టం. నడవలేనివాడు, తోడు మనిషి కలిసి అందులో పట్టరు. అమెరికా ప్రభుత్వం 2023 జులైలో ఒంటి నడవ విమానాల్లోనూ వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి ఉండాలని నియమం తెచ్చింది. అది కూడా దాదాపు పదేళ్ల తర్వాత ఆర్డర్ చేసే కొత్త విమానాలకే. అప్పటిదాకా వెన్నెముక దెబ్బతిని మస్కట్ నుంచో దుబాయి నుంచో ఇంటికొచ్చే మనిషి ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తాడు. శంషాబాద్‌లో దిగి, జీపులోనో అంబులెన్స్‌లోనో నాలుగు గంటలు ప్రయాణించి, బీర్కూర్ చేరాక మొదట అడిగేది చెంబెడు నీళ్లు.