మూతి వంకర, గాలి, సూది: కోనసీమ నుంచి ఒక పరిశీలన

తెల్లారి పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లు పెదవి మూలనుంచి జారిపోతాయి. అద్దంలో మూతి ఒక పక్కకి లాగేసి ఉంటుంది. రెండో పక్క కన్ను ఎంత మూసినా రెప్ప దిగదు, గుడ్డు పైకి తిరిగి తెల్లగా కనిపిస్తుంది. అమలాపురంలోనైనా కొత్తపేటలోనైనా ఇంట్లో పెద్దలు ముందు అడిగేది ఒకటే: "రాత్రి కిటికీ తీసి పడుకున్నావా?" సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదారి గాలికి ఎదురు నిలబడ్డవాళ్లకీ ఇదే ప్రశ్న.

గాలిని తప్పుపట్టడం మన ఒక్కరి అలవాటు కాదు. చైనా ప్రాచీన వైద్యగ్రంథం లింగ్‌షు, చలి తగిలితే చెంప కండరం బిగిసి నోటిని లాగుతుందంటుంది. అది చెప్పే వైద్యం ఇది: బిగిసిన చెంపకు గుర్రపు కొవ్వు రాయాలి, సడలిన చెంపకు మద్యంలో కలిపిన దాల్చినచెక్క పూయాలి. మల్బరీ కొక్కెంతో నోటిని సరిచేసి, మల్బరీ బూడిద వెచ్చదనం దగ్గర కూర్చోబెట్టాలి. తర్వాతి చైనా వైద్యులు దీన్ని నాడీమార్గాల్లో చొరబడిన 'ఫెంగ్', అంటే గాలి, అన్నారు. మన సుశ్రుతుడు దీనికి అర్దితమని పేరు పెట్టి వాతరోగాల్లో చేర్చాడు. గట్టిగా అరవడం, గట్టి పదార్థాలు నమలడం, ఎగుడుదిగుడు పడకపై నిద్రపోవడం కూడా కారణాలేనన్నాడు. చరకుడి చికిత్స నస్యం (ముక్కులో వేసే మందు), తలకు తైలం. ఒకరి గ్రంథం మరొకరు చూశారని నేననడం లేదు. ముఖం మీద ఉన్నట్టుండి వచ్చిపడే ఈ మార్పుకు కంటికి కనబడని గాలిని మించిన కారణం వాళ్లెవరికీ దొరకలేదు.

అసలు చిక్కు చెవి వెనక ఎముకలో ఉంది. అక్కడి సన్నని కాలువలోంచి వచ్చే ఏడో కపాలనాడి వాచిందంటే ఎముక మధ్యే నలిగిపోతుంది. హెర్పిస్ వైరస్ మీద అనుమానం ఎక్కువ. 1821లో ఈ నాడిని వివరించిన చార్లెస్ బెల్ పేరుమీద దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. ఏటా లక్షమందిలో సుమారు 15 నుంచి 30 మందికి వస్తుంది. మనం 'ముఖ పక్షవాతం' అనడంతో మెదడు పక్షవాతంతో కలిసిపోయి గందరగోళం పుడుతోంది. 'మూతి వంకర' అన్న ఊరిమాటే నాకు నయమనిపిస్తుంది. తేడా నుదుటి దగ్గర తెలుస్తుంది: కనుబొమలు ఎత్తమంటే, మెదడు పక్షవాతంలో సాధారణంగా నుదుటి ముడతలు రెండు వైపులా పడతాయి, బెల్స్ పాల్సీలో చెడిన వైపు నుదురు నున్నగా ఉండిపోతుంది. కాలో చెయ్యో పడిపోయినా, మాట తడబడినా నుదుటి పరీక్షతో కాలయాపన చేయకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఇక సూది సంగతి. 1938లో చైనా వెళ్లిన భారత వైద్యబృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు, తర్వాత అక్కడే ఆక్యుపంక్చర్ నేర్చి కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్రం 2003లో దాన్ని చికిత్సాపద్ధతిగా గుర్తించింది. మూతి వంకరకు పెదవి మూల, దవడ కండరం, చెవితమ్మె వెనక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూదులు గుచ్చుతారు.

ఫలితాన్ని తూచే ముందు ఒక లెక్క చూడాలి. కోపెన్‌హాగన్‌లో పైటర్సన్ అనే వైద్యుడు ఏ మందూ ఇవ్వకుండా గమనించిన బెల్స్ పాల్సీ రోగుల్లో 71 శాతం పూర్తిగా కోలుకున్నారు. కాబట్టి పసరు పోసినవారికీ సూది గుచ్చినవారికీ పదిమందిలో ఏడుగురు దండం పెట్టే వీలుంది. 2010 నాటి కోక్రేన్ సమీక్ష 537 మంది ఉన్న ఆరు ప్రయోగాలను పరిశీలించి, వాటి నాణ్యత చాలదని ఏమీ తేల్చలేదు. 2013లో చైనాలో 338 మందిపై జరిగిన ప్రయోగంలో, సూది తిప్పి బరువు, తిమ్మిరి పుట్టించిన బృందం మెరుగ్గా కోలుకుంది. కానీ సూదులు రెండు బృందాలకూ పడ్డాయి, ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలూ రెండు బృందాలవాళ్లూ మింగారు. సూది మాత్రకు తోడు నిలబడగలదేమో, మాత్ర స్థానంలో నిలబడుతుందని ఆ ప్రయోగం చెప్పలేదు.

మాత్ర బలం 2007 నాటి స్కాట్లండ్ ప్రయోగంలో కనబడింది. 72 గంటల్లోపు అదే కోవకు చెందిన ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టినవారిలో తొమ్మిది నెలలకు 94.4 శాతం, ఆ మందు లేనివారిలో 81.6 శాతం కోలుకున్నారు. నా బాధంతా ఆ మూడు రోజుల గురించే. రాజోలు లంకల్లో ఆ మూడు రోజులూ పసరుకో సూదికో పోతే తర్వాత తిరిగి రావు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగరుంటే ఆ మాట చెప్పాలి, ఈ మాత్ర షుగరు పెంచుతుంది. ఆ తర్వాత సూది వేయించుకుంటానంటే, ఒక్కసారి వాడి పారేసే సూదులతో అయితే నేను వద్దనను. ఈలోగా మూతపడని కన్ను ఎండిపోకుండా పగలు చుక్కలమందు, రాత్రి ఆయింట్‌మెంటు వేసి, రెప్పను చేత్తో కిందికి దించి, కాగితపు టేపు అంటించి పడుకోవాలి.