కల్లంలో తునికాకు

మే నెల. భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ అడవి అంచున కల్లం. పొద్దు నడినెత్తికి రాకముందే నేల కాలుతోంది. మబ్బుల లేచి అడవికి పోయినవాళ్లు మూటలతో తిరిగొచ్చి చెట్టు కింద కూచున్నారు. యాభై ఆకులు పేర్చి నారతో బిగిస్తే ఒక కట్ట. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. ముచ్చట్లు సాగుతూనే ఉన్నాయి, వేళ్ల లెక్క మాత్రం తప్పడం లేదు.

మీరూ ఒక ఆకు తీసుకోండి. అడుగువైపు బొటనవేలితో రాస్తే సన్నని నూగు. "ముదురాకుతో బీడీ చుడితే పలుగుతది సారూ. మరీ లేతదైతే ఎండకు ముడుచుకుంటది," అంటూ పక్కనున్న అక్క ఆ ఆకును వెలుతురుకు పట్టి చూపిస్తుంది. ఈనెలు సన్నగా ఉండాలి. బొబ్బలు, చిల్లులు ఉండకూడదు. ఎండాకాలం మొదట్లో పొదల కొమ్మ కొడితేనే ఇంత మెత్తని చిగురు వస్తుంది.

ఇక ఎండబోసిన కట్టల వరుసల మధ్యకు నడవండి. నేటి కట్టను ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి వగరు. నిన్నమొన్నటి దాంట్లో ఆ వగరు సగం చచ్చింది. వారం ఎండినది గోధుమరంగుకు తిరిగి, ఎండుగడ్డిలా కమ్మగా ఉంది. నాకు ఇదే ఇష్టం. మధ్యలో వాన పడిందా, ఆకు నల్లబడి బూజు వాసన కొడుతుంది.

పొగాకు సంగతి వేరు. జంగారెడ్డిగూడెం వైపు వర్జీనియా పొగాకును కొలిమి ఉండే బ్యారన్‌లో రోజుల తరబడి వేడి పెంచుతూ ఆరబెడతారు. అందులో తీపి ఎక్కువ. పైపు కోసం డబ్బాల్లో ఏళ్లకేళ్లు మాగితే ఘాటు తగ్గి రుచి మెత్తబడుతుంది. ఏ ఏటిది ఎలా ఉందో పోల్చి చెప్పేవాళ్లకు దేశదేశాల్లో గౌరవం. అదే గౌరవం ఈ అక్క చూపుకూ దక్కాలని గట్టిగా అంటాను. ఇక్కడ కొలిమి లేదు, ఉన్నది ఎండ, ఆమె చెయ్యి.

1971 చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వ అదుపులోకి వచ్చింది. కట్టలు లెక్కపెట్టుకునేది మాత్రం కాంట్రాక్టరు తరఫు కల్లేదారే. ఎండిన ఆకు విరగకుండా నీళ్లు చల్లి, మెత్తబడ్డాక బస్తాలకెత్తుతారు.

అవి సిరిసిల్లకో నిజామాబాద్‌కో చేరతాయి. అక్కడ బీడీ కార్మికురాలు ఆకును మళ్లీ తడిపి, కొలత రేకు పెట్టి కత్తెరతో కోస్తుంది. ఇచ్చిన ఆకుకు ఇన్ని బీడీలని లెక్క. చిల్లులాకు ఎక్కువైతే, తక్కువపడిన ఆకు ఆమే కొనుక్కోవాలి.