జగజ్జెట్టుల తారతమ్యము

మన గ్రంథాలయపు అరుగుమీద సాయంకాలమున దినపత్రికలు చదువుట ముగిసిన పిమ్మట వాదములు ఆరంభమగుట చదువరు లెల్లరు నెరిగినదే. ఒకనాడు వానమీద, ఒకనాడు మిరప ధరమీద సాగు వాదము ఒక్కొక్కప్పుడు ముష్టియుద్ధ వీరులమీదికి మరలును. మహమ్మదాలీయు జో లూయీయు నిండు యౌవనమున ఒకరినొకరు ఎదుర్కొనియుండిన గెలుపెవరిది? ఇరువదవయేట జగజ్జెట్టియైన మైక్ టైసను రాకీ మార్సియానోకు తాళియుండునా? యువకులు చరవాణులలో పాత పోటీల చిత్రములు చూపి గొంతులు పెంచుకొందురు. వాదము తెగదు, దీపములార్పు వేళ యగును.

ఈ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు ఆ వాదమునే విచారింప నెంచితిని. నేను లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడను. పిడికిలి బిగించి ఎన్నడును ఎరుగను. కాని ఒక కాలపు ఘనతను మరియొక కాలపు ఘనతతో సరిచూచుట యనునదియు ఒక లెక్కయే. ఆ లెక్క యెచ్చట నిలుచునో, యెచ్చట జారునో చూతము.

ఇట్టి తర్కము మనకు క్రొత్తది గాదు. విరాటపర్వ కథలో కీచకుడు రాత్రివేళ రహస్యముగా హతుడైన వార్త విని దుర్యోధనుడు చేసిన ఊహ మన తెలుగువారికి పరిచితము. బాహుయుద్ధమున బలరాముడు, భీముడు, శల్యుడు, కీచకుడు ఈ నలువురును సమానబలులు. కీచకుని గూల్చగలవాడు మిగిలిన మువ్వురిలోనే యుండవలెను. కావున భీముడు విరాటనగరమున దాగియున్నాడు అని యాతడు తేల్చెను. ఆ తర్కము నిలిచినది. ఏలన, ఆ నలువురును ఏకకాలమువారు. వారి బలము నెరిగిన కండ్లును ఒకే కాలమువి. భీముని తెచ్చి నేటివానితో తూచుమన్నచో దుర్యోధనుడును చేతులెత్తి యుండును.

పల్నాటి రైతుకు ఈ సూక్ష్మము చెప్పనక్కరలేదు. బండలాగుడు పందెములలో ఎడ్లను పండ్లనుబట్టి తరగతులు చేయుదుము. రెండు పండ్లవి వేరు, నాలుగు పండ్లవి వేరు, ఆరు పండ్లవి వేరు. ఒక్కొక్క జత నియమిత కాలములో ఒంటరిగా బండను లాగును. లాగిన దూరమును అడుగులలో కొలుతుము. బండయు నేలయు నవియే యైనచో నిరుటి జతను ఈయేటి జతతో పోల్చవచ్చును. ముష్టియుద్ధమున అట్టి స్థిరమైన బండ లేదు. ఎదుటివాడే బండ. అది పోటీ పోటీకిని మారును; పైగా తిరిగి కొట్టును.

మన ఆంధ్రదేశమున బలము మాట వచ్చినప్పుడు మొదట తలపునకు వచ్చువాడు కోడి రామమూర్తి నాయుడు. ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టమున 1882లో జన్మించి, విజయనగరమున పెరిగి, సర్కసు నెలకొల్పి, ఉక్కుగొలుసులు త్రెంచుట, రొమ్ముమీద ఏనుగును నిలుపుకొనుట మొదలగు ప్రదర్శనములచే కలియుగ భీముడని పేరొందెను, 1942లో దివంగతుడయ్యెను. అదే కాలమున ఉత్తరదేశమున గామా మల్లుడుండెను. ఇరువురిలో నెవరు మిన్న యని మన పెద్దలు వాదించుకొనుట నా చిన్ననాట వింటిని. ఇప్పుడు తోచునదేమన, రామమూర్తిగారి ఘనత బండలాగుడు వంటిది. గామా ఘనత ఎదుటివానిని పడవేయుట. రెండును బలమే, కాని రెండు విద్యలు. తూమును గజముతో కొలువరాదు గదా.

గామా జీవితముననే మరియొక పాఠము గలదు. 1910 సెప్టెంబరు 10న లండనులో ఆయన పోలండు దేశపు మల్లుడైన జ్బిస్కోతో పోరెను. జ్బిస్కో నేలకు కరచుకొని రెండున్నర గంటలకు పైగా నిలిచెను, జయాపజయములు తేలలేదు. మరల 1928 జనవరిలో పటియాలాలో ఆ యిరువురే తలపడిరి. ఈసారి నిమిషము నిండక మునుపే గామా వానిని వెల్లకిల వేసెను. మనుష్యులు వారే, విద్య అదియే, ఫలితములు రెండు. నిజముగ జరిగిన పోరులే ఇట్లు మారినప్పుడు జరుగని పోరును రూఢిగా తేల్చెదమనుట సాహసమే.

ఇక ముష్టియుద్ధపు కొలతలను చూతము. 1889 జూలై 8న జాన్ సల్లివను వట్టి పిడికిళ్ళతో కిల్రెయినుతో 75 రౌండ్లు పోరి గెలిచెను. మూడేండ్లకు, 1892లో, తొడుగులు ధరించిన పోటీలో కార్బెట్ చేత 21వ రౌండున ఓడిపోయెను. అంకెలు మాత్రమే చూచువాడు 75 ఎక్కడ, 21 ఎక్కడ యనును. పాత నియమములలో మనిషి పడినంతనే రౌండు ముగియును. అది ఒక్కొక్కప్పుడు కొన్ని క్షణములే. 1867లో ప్రకటింపబడిన క్వీన్స్‌బరీ నియమములలో రౌండు మూడు నిమిషములు, విశ్రాంతి ఒక నిమిషము. ఊరూరికిని కుంచము వేరైన కాలపు దస్తరమును నేటి కిలోల లెక్కతో కలుపునప్పుడు ముందుగా మార్పు కట్టవలెను. అది కట్టనివాడు ఎంత పెద్దమొత్తము చూపినను అది తప్పుడు మొత్తమే. పిమ్మట జగజ్జెట్టి పోటీలకు 15 రౌండ్లు వాడుకయ్యెను. 1982లో ఒక కొరియా యోధుడు దెబ్బలకు మరణించిన పిదప క్రమముగా 12కు తగ్గించిరి. చివరి మూడు రౌండ్లలో గెలువనేర్చిన వాని విద్య అంతటితో చెల్లనినాణె మయ్యెను.

దేహములును మారినవి. 1919లో జాక్ డెంప్సీ తూనిక సుమారు 85 కిలోలు. మార్సియానో తూనిక సుమారు 84 కిలోలు. నేటి వృత్తి పోటీలలో అధికభార తరగతి 90 కిలోలకు పైనుండి యారంభమగును. అనగా ఆ మహావీరు లిరువురును నేడు క్రింది తరగతివారగుదురు. ఐనను ఆ డెంప్సీయే తనకంటె 25 కిలోలు బరువైన విల్లర్డును మూడు రౌండ్లలో కుదేలు చేసెను. 2024లో ఉక్రెయిను దేశపు ఉసిక్ తనకంటె ఆరంగుళములు పొడవైన టైసన్ ఫ్యూరీని గెలిచి అవిభక్త బిరుదమును పొందెను. కావున భారమే సర్వస్వము గాదు. భారమునకు విద్య తోడైనప్పుడే అది కొండ.

"కాలములు వేరైన వీరులు నిజముగానే తలపడిన సందర్భములు లేవా?" యని యడుగుదురు. ఉన్నవి. 1951లో 37 ఏండ్ల జో లూయీని మార్సియానో ఎనిమిదవ రౌండున పడగొట్టెను. 1980లో 38 ఏండ్ల అలీని లారీ హోమ్సు పది రౌండ్లు కొట్టెను. ఆ యేడాది జనవరిలోనే అలీ మన పొరుగున మద్రాసునకు వచ్చి ప్రదర్శన పోటీ చేసి జనుల నానందింపజేసెను. ఈ పోరులు తేల్చినదేమి? వార్ధక్యము ఓడుననియే గాని లూయీ ఓడెననియు, అలీ ఓడెననియు గాదు. 45వయేట 1994లో బిరుదమును మరల గెలిచిన ఫోర్మను ఒక్కడు ఈ సూత్రమునకు అపవాదము.

మనుష్యులు తేల్చలేనిదానిని యంత్రము తేల్చునని కొందరు తలచిరి. 1967లో అమెరికాలో మర్రే వొరోనర్ అను రేడియో నిర్మాత 16 మంది జగజ్జెట్టుల వివరములను గణనయంత్రమునకు మేపి ఊహాపోటీలు నడిపెను; మార్సియానో విజేతయని యంత్రము చెప్పెను. అందు జెఫ్రీసుచే ఓడినట్లు ప్రకటింపబడిన అలీ కోపించి దావా వేసెను. తరువాత 1969లో అలీని, మార్సియానోను నిజముగానే గోదాలో నిలిపి అనేక ముగింపులతో చలనచిత్రము తీసిరి. మార్సియానో ఆ యేడాది ఆగస్టు 31న విమాన ప్రమాదమున మరణించెను. తనకు ఏ తీర్పు వచ్చునో యెరుగడు. 1970లో చిత్రము విడుదలయ్యెను. అమెరికాలో మార్సియానో గెలిచినట్లును, ఐరోపాలో అలీ గెలిచినట్లును చూపిరని చెప్పుదురు. ఒకే చిట్టా, రెండు మొత్తములు! నా వృత్తిలో ఇట్టి పని చేసినవానిని సంజాయిషీ యడుగుదురు.

ఐనను తీర్పు చెప్పక తప్పించుకొంటినని యువకులు నన్ను నిందింపకుండుటకై ఒక్క జోడును గూర్చి నా మతము చెప్పెదను. లూయీ, అలీ ఇరువురును నిండు ప్రాయమున 15 రౌండ్ల పోటీకి దిగిరనుకొందము. 1941లో బిల్లీ కాన్ అను తేలికవాడు పాదచాలనముచేతనే లూయీని పండ్రెండు రౌండ్లు చికాకుపరచి, గెలుపు చేతికందు వేళ తొందరపడి పదుమూడవ రౌండున పడెను. అలీ పాదములు కాన్ పాదములవలెనే తేలిక. దేహము మాత్రము మిక్కిలి పెద్దది. కాని అలీ ఎడమచేతి వంపుదెబ్బకు లోబడుట గలదు. 1963లో హెన్రీ కూపరును, 1971లో ఫ్రేజియరును ఆయనను ఆ దెబ్బతోనే నేలకు దించిరి. లూయీ చేత ఆ దెబ్బయు నుండెను. కావున పది పోరులలో ఆరు అలీవి, నాలుగు లూయీవి యని వ్రాసికొందును. దీనిని కొట్టివేయుటకు మీ చేతను కలము గలదు.

కాని ఈ విచారము చేయుకొలది నా మనస్సును కలచినది మరియొకటి. కాలము అడ్డుపడుటచే జరుగని పోరులనుగూర్చి మనమింత తర్కింతుము. మనుష్యులు అడ్డుపడుటచే జరుగని పోరుల మాటయేమి? 1891లో కార్బెట్‌తో 61 రౌండ్లు పోరి సరిసమానముగా నిలిచిన పీటర్ జాక్సను నల్లజాతివాడగుటచే సల్లివను ఆతనితో బిరుదుకై పోరనొల్లడయ్యెను. ఇరువురును బ్రతికియేయుండిరి, ఒకే కాలమువారు, ఒకే విద్యవారు. అడ్డమైనది చర్మము. జెఫ్రీసు తన యౌవనమున నల్లజాతివారికి బిరుదుపోటీ నీయక, 1908లో జాక్ జాన్సను సిడ్నీలో బిరుదము గెలిచిన పిదప, విశ్రాంతి మాని 1910 జూలై 4న ఎదిరించి 15వ రౌండున ఓడెను. ఆ ఫలితమును సహింపలేక అనేక నగరములలో అల్లర్లు జరిగి నల్లజాతివారు ప్రాణములు గోల్పోయిరి. 1915లో జాన్సను ఓడిన తరువాత 22 ఏండ్లు, జో లూయీ వచ్చువరకు, మరియొక నల్లజాతివానికి ఆ బిరుదము కొరకు పోరు భాగ్యము కలుగలేదు. హారీ విల్సు డెంప్సీకై వేచి వేచి ముసలివాడయ్యెను. ఆ చిట్టాలో పడని పద్దులను ఏ యంత్రము కూడగలదు?

తెరచిన ద్వారమెట్లుండునో చూపుటకు మన తెలుగుబిడ్డయే కలదు. నిజామాబాదు యువతి నిఖత్ జరీన్, ఒలింపిక్ అర్హతపోటీకి పరీక్షలేకుండ ఎంపిక కూడదని, తనకును ఒక పోటీ నిండని 2019లో బహిరంగముగా కోరెను. ఎదుటివారు ఆరుసార్లు ప్రపంచ విజేతయైన మేరీ కోం; వయస్సున పదుమూడేండ్లకు పైబడి పెద్దవారు. ఆ డిసెంబరులో పోటీ జరిగెను. పెద్దావిడయే గెలిచెను; 9కి 1 అని తీర్పు. రెండు తరములు ఒకేచోట కొలువబడినవి; వాదమునకు తావు లేకుండెను. ఓడిన నిఖత్ 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత యయ్యెను. ఓటమి ఆమెకు హాని చేయలేదు. పోటీయే లేకున్నచో అది హాని యయ్యెడిది.

పల్నాటివారమగు మనకు ఈ ధర్మము పన్నెండవ శతాబ్దమునుండియు వినబడుచున్నది. బ్రహ్మనాయుడు పుట్టుక నెంచక కన్నమదాసును కుమారునివలె చేరదీసి సేనల నప్పగించెనని, చాపకూడున అందరిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టెనని మన వీరగాథలు పాడుచున్నవి. కన్నమదాసు, బాలచంద్రుడు ఇరువురిలో నెవరు మేటియని వాదించువారు నేటికిని గలరు. ఆ వాదము సాధ్యమైనది కన్నమదాసునకు కత్తి చేతికీయబడుటచేతనే.

కావున యువకులారా, లూయీని అలీని అరుగుమీద నిత్యము పోరింపుడు. దానివలన ఎవరికిని నష్టము లేదు, చరిత్ర కొంత తెలియును. కాని ఊరిలోనో, బడిలోనో, ఆటస్థలముననో బ్రతికియున్న యొకడు ద్వారముకడ నిలిచి "నాకును ఒక అవకాశ మిండు" అన్నప్పుడు మాత్రము ఆ పోరును ఊహకు వదలక జరిపింపుడు. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చేసినదియు అదియే. ఎవరి బిడ్డవని యడుగక పుస్తకము చేతికిచ్చినది. ఆ చాప చిరకాలము పరచియే యుండుగాక.