వ్యర్థాలు తొలగించేవారికి రక్షణ ఎలా వచ్చింది?

రసాయన కర్మాగారంలో పనిచేసే కార్మికుడికి తన ముందున్న తొట్టిలో ఏ పదార్థం ఉందో తెలుసుకునే వీలుంటుంది. అదే కర్మాగారం మూతబడి, వ్యర్థాల పీపాలు ఏళ్ళ తరబడి ఎండకు ఎండి వానకు తడిస్తే? వాటిపై అంటించిన చీటీలు ఊడిపోతాయి. రేకు తుప్పు పడుతుంది. ఒక పీపాలోని ఆమ్లం కారి పక్క పీపాలోని సయనైడ్ లవణంతో కలిస్తే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది. అలాంటి చోటును శుభ్రం చేసే కార్మికుడికి తన శత్రువెవరో తెలియదు. అతడి రక్షణకు ముందే పథకం వేయాలన్న నియమం ఇటీవలి చరిత్రలోనే పుట్టింది.

లవ్ కెనాల్ నేర్పిన పాఠం

అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అనే పాత కాలువ ఉండేది. 1942–1953 మధ్య హుకర్ కంపెనీ అందులో సుమారు 20 వేల టన్నుల రసాయన వ్యర్థాలను పూడ్చింది. ఆ స్థలంలో బడి, చుట్టూ ఇళ్ళు వెలిశాయి. విషం పైకి ఊరడంతో 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

1980 ఏప్రిల్ 21న న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎలిజబెత్ నగరంలో మరో ప్రమాదం జరిగింది. మూతబడిన వ్యర్థాల కేంద్రంలో వేలాది పీపాలు ఉన్నాయి. వాటిని తొలగించే పని ఇంకా పూర్తికాకముందే అవి పేలి తగలబడ్డాయి. మంటలార్పడానికి వచ్చిన సిబ్బంది విషపు పొగలో పనిచేయవలసి వచ్చింది.

ఆ ఏడాది డిసెంబరులో 'సూపర్‌ఫండ్' చట్టం వచ్చింది. శుభ్రపరచడానికి నిధి ఏర్పడింది. కార్మికుల కోసం నాలుగు ప్రభుత్వ సంస్థలు కలిసి 1985లో ఒక మార్గదర్శిని వెలువరించాయి. 1986లో చట్టాన్ని సవరిస్తూ, కార్మిక రక్షణకు ప్రత్యేక నిబంధనలు చేయాలని అక్కడి పార్లమెంటు ఆదేశించింది. తుది నిబంధనలు 1989లో వెలువడి, 1990 మార్చి నుంచి అమలయ్యాయి.

పథకంలో ఏముంటుంది?

మొదట స్థలాన్ని మూడు మండలాలుగా విభజిస్తారు. విషం ఉన్న చోటు ఒకటి, బయటికి వచ్చేవారి దుస్తులు, పనిముట్లు కడిగే చోటు రెండవది, శుభ్రమైన చోటు మూడవది. దీనివల్ల విషం కార్మికుడి చెప్పులతో అతడి ఇంటికి చేరదు.

తరువాత గాలిని పరీక్షిస్తారు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు. మండే వాయువులను కనిపెట్టే పరికరాలు చాలావరకు ఆక్సిజన్ లేనిదే సరిగా పనిచేయవు. అందుకే ఆక్సిజన్‌ను ముందు కొలుస్తారు. కొలతల క్రమం తప్పితే పేలుడు వాయువు ఉన్నా లేనట్టే కనిపించవచ్చు.

రక్షణ దుస్తులు ఎ, బి, సి, డి అని నాలుగు స్థాయిలు. శరీరమంతా మూసివేసే 'ఎ' స్థాయి దుస్తులే అందరికీ వేస్తే సరిపోదా? సరిపోదు. వాటిలో చెమట ఆరదు, వడదెబ్బ తగులుతుంది, చూపు సరిగా ఆనదు. వీపున మోసే గాలి సిలిండరు గంటకు మించి రావడం అరుదు. లోపలికి నడవడం, తిరిగి రావడం, కడుక్కోవడం అన్నీ ఆ సమయంలోనే జరగాలి. కాబట్టి ప్రమాదాన్ని బట్టి దుస్తులు, దుస్తులను బట్టి పని సమయం నిర్ణయించాలి.

సాధారణ కార్మికుడికి 40 గంటల శిక్షణ, 3 రోజులు పర్యవేక్షణలో పని, ఏటా 8 గంటల పునశ్చరణ ఉండాలని ఆ నిబంధనలు చెబుతాయి. వైద్య పరీక్షలు కూడా తప్పనిసరి.

భోపాల్‌లో

మన దేశంలో 1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో విషవాయువు వేలమందిని బలిగొంది. కర్మాగారం మూతబడినా వ్యర్థాలు అక్కడే మిగిలాయి. మధ్యప్రదేశ్ హైకోర్టు ఆదేశంతో సుమారు 337 టన్నుల వ్యర్థాలను 2025 జనవరిలో 12 కంటెయినర్లలో పీథంపూర్‌కు తరలించారు. జూన్ నెలాఖరుకు వాటిని కాల్చివేశారు. వాటిని సంచుల్లో నింపేందుకు దాదాపు వందమంది 30 నిమిషాల చొప్పున వంతులవారీగా పనిచేశారని, వారికి వైద్య పరీక్షలు, విశ్రాంతి కల్పించామని అధికారులు తెలిపారు. నాలుగు దశాబ్దాల అనుభవ సారమే ఆ 30 నిమిషాల లెక్క.

భోపాల్ నేలలోనూ, భూగర్భజలంలోనూ చేరిన విషం సంగతి ఇంకా మిగిలే ఉంది. విషాన్ని తయారుచేసినవారు వేరు, దాన్ని ఎత్తిపోసేవారు వేరు. మొదటి పీపా మూత తీయకముందే ఈ రెండవవారి రక్షణకు పథకం సిద్ధం కావాలి. దాని ఖర్చు కూడా శుభ్రపరిచే ఖర్చులో భాగమే.