బిరుదు, వంశం, ఊరు: పైగా వంశావళి దృష్ట్యా వికారాబాదు, తాండూరు

వంశావళి చరిత్రకారునికి ఆధారమూ అవుతుంది, అడ్డంకీ అవుతుంది. మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులలో పాళెగాండ్ర వంశక్రమాలు తరచు పురాణపురుషులతో ఆరంభమై, భూమిపై హక్కుతో ముగుస్తాయి. మూలపురుషుడు ఎంత ప్రాచీనుడైతే హక్కుకు అంత బలమని ఆ రచనలలోని అంతరార్థం. నిజాం రాజ్యంలోని పైగా కుటుంబ వంశావళిని కూడా ఈ దృష్టితో పరిశీలించవలసి ఉన్నది. వికారాబాదు పేరు ఆ వంశావళికి ముడిపడి ఉన్నందున ఇది స్థానిక చరిత్ర రచనకు సంబంధించిన సమస్య కూడా.

పైగా ప్రభువులు తమ వంశాన్ని పదమూడవ శతాబ్దపు సూఫీ సాధువు బాబా ఫరీద్ గంజ్‌షకర్ ద్వారా రెండవ ఖలీఫా ఉమర్ వరకు తీసుకొనిపోతారు. ఇది వంశప్రతిష్ఠకు సంబంధించిన సంప్రదాయం. రాజకీయ చరిత్రలో ఈ కుటుంబం స్పష్టంగా కనిపించేది మొదటి అసఫ్ జా కొలువులో చేరిన అబుల్ ఖైర్ ఖాన్‌తో. ఉత్తర హిందూస్థానం నుండి దక్కనుకు వలస వచ్చిన సైనిక కుటుంబమిది. ఆయన కుమారుడు అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌కు రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కాలంలో 'షంసుల్ ఉమ్రా' బిరుదు లభించింది. ప్రభువు సొంత అశ్వికదళాన్ని పోషించేందుకు ఇచ్చిన భూములే పైగా భూములు. పారసీకంలో 'పాయ్‌గాహ్' అనే మాటకు అశ్వశాల అనే అర్థమున్నది. వృత్తికి సంబంధించిన మాట మొదట భూమికి, ఆ తరువాత కుటుంబానికి పేరైంది. తెలుగునేలపై వృత్తి పేరు ఇంటిపేరుగా మారిన సందర్భాలు మనకు కొత్త కావు.

తేగ్ జంగ్ కుమారుడు ఫక్రుద్దీన్ ఖాన్ (1781-1863) నిజాం అలీ ఖాన్ కుమార్తెను వివాహమాడాడు. పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి ముద్రింపించిన విద్యాపోషకుడిగా కూడా ఆయన ప్రసిద్ధుడు. ఆయన కుమారులలో రఫీయుద్దీన్, సుల్తానుద్దీన్, రషీదుద్దీన్‌లు ముఖ్యులు. తదుపరి తరంలో వంశం మూడు శాఖలైంది. సుల్తానుద్దీన్ కుమారుడు అస్మాన్ జా ఒక శాఖకు, రషీదుద్దీన్ కుమారులైన ఖుర్షీద్ జా, ఫజలుద్దీన్ ఖాన్‌లు మిగిలిన రెండింటికి మూలపురుషులు. అస్మాన్ జా 1887 నుండి 1893 వరకు, ఆయన తరువాత ఫజలుద్దీన్ 1901 వరకు రాజ్యానికి ప్రధానమంత్రులుగా ఉన్నారు. ఫలక్‌నుమా ప్రాసాదాన్ని నిర్మించినది ఈ ఫజలుద్దీనే. ఆయన బిరుదు 'వికారుల్ ఉమ్రా'.

చిక్కు ఇక్కడే ఉన్నది. ఈ బిరుదు ఫజలుద్దీన్ ఒక్కనిదే కాదు. ఆయన తండ్రి రషీదుద్దీన్ కూడా వికారుల్ ఉమ్రాయే. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ బాల్యంలో, రఫీయుద్దీన్ 1877లో మరణించిన పిదప, మొదటి సాలార్ జంగ్‌తో కలిసి రాజప్రతినిధిగా వ్యవహరించి 1881లో మరణించిన వ్యక్తి ఆయన. షంసుల్ ఉమ్రా, అమీరె కబీర్ అనే బిరుదులు సైతం ఒక తరం నుండి మరొక తరానికి సంక్రమించినవే. కనుక ఒక పత్రంలో 'వికారుల్ ఉమ్రా' అని ఉన్నంత మాత్రాన అది ఫలక్‌నుమా నిర్మాతను ఉద్దేశించినదని నిర్ణయించరాదు. పత్రం తేదీని, వ్యక్తి నామాన్ని, భూమి ఏ శాఖకు చెందినదో ఆ వివరాన్ని కలిపి చూచిన తరువాతనే నిర్ణయం జరగాలి. వికారాబాదు నామాన్ని ఫజలుద్దీన్‌కు ముడిపెట్టడం ప్రసిద్ధమైన అభిప్రాయం. దానిని అంగీకరించేవారు కూడా బిరుదును మాత్రమే ప్రమాణంగా చూపితే వాదం నిలువదు.

నామస్వరూపం కూడా గమనింపదగినది. 'వికార్' అరబీ మూలపదం, దానికి గౌరవం, గాంభీర్యం అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి అది సంస్కృత 'వికార' శబ్దంతో ఏకరూపమైంది. ఒకే ధ్వనిరూపంలో పరస్పర విరుద్ధమైన రెండర్థాలు చేరాయి. ఊరి పేరు తెలుగువాడి నోట నిలిచింది కాని, పేరు పెట్టినవారి ఉద్దేశం మాత్రం చెవికి అందకుండా పోయింది.

ఇతర దేశాల వంశావళులతో పోల్చినప్పుడు ఈ ఆధారాల స్వభావం మరింత స్పష్టమవుతుంది. 1681లో విలియం పెన్‌కు రాజశాసనం లభించిన పిదప పెన్సిల్వేనియాకు వలస వెళ్ళిన క్వేకరు కుటుంబాలకు బిరుదులు లేవు. వారి మాస సమావేశాలు జననమరణాలను నమోదు చేసేవి. పెళ్ళిపత్రంపై హాజరైన స్త్రీపురుషులందరూ సంతకాలు చేసేవారు. ఒకచోటు నుండి మరొకచోటికి తరలే కుటుంబం తన సమాజం నుండి ధ్రువపత్రం తీసుకొని వెళ్ళేది. అక్కడ వంశక్రమానికి సాక్షి సమాజం, ఇక్కడ సాక్షి ప్రభువు దర్బారు. అందువల్లనే పైగా వంశావళిలో నిజాం ఇంటి ఆడపడుచులతో జరిగిన వివాహాలు ప్రముఖంగా కనిపిస్తాయి. ఆ భూములను దున్నిన కుటుంబాలకు అందులో చోటు లేదు.

ఈ లోటును పూరించగలిగినవి భూమికి సంబంధించిన పత్రాలు. వాటిని వెదకేవారు పాలనా సరిహద్దుల మార్పును గుర్తుంచుకోవాలి. 1874లో ప్రారంభమైన వాడి-సికింద్రాబాదు రైలుమార్గం తాండూరు, వికారాబాదులను ఒకే దారిలో కలిపింది. అయినా తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనిది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో అది కొడంగల్ తాలూకాతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. ఈ రెండు పట్టణాలు వికారాబాదు జిల్లాలో భాగమైనది 2016లో. నేటి జిల్లా పటాన్ని గతంపై పరచి చూచే పరిశోధకునికి తాండూరు పూర్వచరిత్రలో అధికభాగం అందదు.

1949లో జాగీర్ల రద్దుతో పైగాల భూస్వామ్యం అంతరించింది. భూమి పోయినా బిరుదు ఊరి పేరులో మిగిలింది. ఆ బిరుదును వ్యక్తినామంగా భ్రమించి రెండు తరాలను ఒకటిగా కలిపివేయడం స్థానిక చరిత్రకు జరిగే మొదటి అన్యాయం. బిరుదాంకితులతోనే చరిత్ర ముగిసిందనుకోవడం అంతకన్నా పెద్ద అన్యాయం. దర్బారు వంశావళిని ఊరి భూమిపత్రాలతో, రైతు కుటుంబాల మౌఖిక వంశక్రమాలతో సరిపోల్చినప్పుడే వికారాబాదు, తాండూరుల చరిత్ర ఆ ఊళ్ళవారి చరిత్ర కాగలదు.