లెక్కకు అందని ప్రయాణాలు: వలస విధానంపై చట్టసభల పరిశీలన - కోనసీమ అనుభవం

ఉపోద్ఘాతం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా విస్తరించిన కోనసీమలో, అమలాపురానికి చేరువగా ఉన్న బండారులంక చేనేతకు పేరుపొందిన గ్రామం. అటువంటి గ్రామంలోని మగ్గానికి ప్రభుత్వ దస్త్రాలలో ఒక స్థానం ఉంది. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన వంటి లెక్కలు ఉన్నాయి. నేతపనివారి స్థితిగతులపై పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడు జౌళి మంత్రిత్వ శాఖ ఆ లెక్కలను ఆధారం చేసుకొని సమాధానం చెప్పగలదు. ఇదే కోనసీమ నుంచి కువైట్‌కో, ఒమన్‌కో, బహ్రెయిన్‌కో ఇంటిపనికి వెళ్ళే స్త్రీ విషయంలో ఆ భరోసా లేదు. ఆమె ప్రయాణం ప్రభుత్వ లెక్కలోకి చేరడం, చేరకపోవడం ఆమె చేతిలోని పాస్‌పోర్టు రకాన్ని బట్టి, వీసా రకాన్ని బట్టి నిర్ణయమవుతున్నది.

వలస విధానంపై చట్టసభల పరిశీలనను గురించి జరిగిన చర్చలు సాధారణంగా సభలలోని ప్రసంగాలకు, చట్టాల పాఠానికి పరిమితమయ్యాయి. పరిశీలన జరిగిందా లేదా అన్న ప్రశ్నతో పాటు, ఎవరి ప్రయాణం పరిశీలనకు అందింది అన్న ప్రశ్న కూడ వేసినప్పుడు గోదావరి డెల్టా చరిత్ర భిన్నంగా కనిపిస్తుంది. దాదాపు రెండు శతాబ్దాలలో చట్టసభలు వలసపై తమ అధికారాన్ని పలుమార్లు స్థాపించుకొన్నాయి. అయితే చట్టం ఇచ్చిన నిర్వచనం వల్ల ఈ ప్రాంతపు వలసలో అధిక భాగం ఆ అధికారపు పరిధికి వెలుపలే ఉండిపోయింది. ఈ విషయాన్ని 1922, 1983 చట్టాల తులనతో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి జోక్యాలు: 1838-1917

గోదావరి ముఖద్వారంలోని కోరంగి 19వ శతాబ్ది పూర్వార్ధంలో నౌకానిర్మాణానికి, సముద్ర వ్యాపారానికి ప్రసిద్ధమైన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును దెబ్బతీశాయి. తరువాతి కాలంలో ఆ ప్రాముఖ్యం కాకినాడకు మారింది. కోరంగి పేరు మాత్రం సముద్రాలు దాటింది. మారిషస్‌లోను, బర్మాలోను తెలుగు కూలీలను ‘కొరంగీలు’ అని పిలిచేవారు. 1843లో మారిషస్‌కు తెలుగువారిని చేర్చిన ఓడ పేరు ‘కొరంగ ప్యాకెట్’.

ఈ ప్రయాణాలపై తొలి పార్లమెంటరీ అభ్యంతరం లండన్‌లో వినిపించింది. బానిసత్వ నిర్మూలన తరువాత చక్కెర తోటలకు భారతీయ కూలీలను తరలించడాన్ని 1838 మార్చిలో లార్డ్ బ్రూమ్ ప్రభువుల సభలో తీవ్రంగా ఖండించాడు. ఆ ఏడాదే వలస నిలిచిపోయింది. కలకత్తాలో విచారణ సంఘం ఏర్పడింది. అయినా 1842 నాటి 15వ చట్టంతో మారిషస్ దారి మళ్ళీ తెరుచుకొంది. నిషేధం, విచారణ, నియంత్రణతో కూడిన పునఃప్రారంభం అనే ఈ క్రమం తరువాతి కాలంలోను పునరావృతమైంది.

భారతీయ సభ్యుల గొంతు వినిపించడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. 1910 ఫిబ్రవరి 25న ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో గోపాలకృష్ణ గోఖలే నేటాల్‌కు ఒప్పంద కూలీల సేకరణను నిలిపివేయాలని తీర్మానం ప్రవేశపెట్టాడు. ప్రభుత్వం అంగీకరించింది. 1912 మార్చి 4న ఒప్పంద కూలీ పద్ధతినే రద్దు చేయాలని ఆయన తెచ్చిన తీర్మానం 22-33 ఓట్లతో వీగిపోయింది. 1916 మార్చిలో మదనమోహన మాలవ్యా అదే కోరికను మళ్ళీ సభ ముందు ఉంచినప్పుడు వైస్రాయి హార్డింజ్ ప్రభుత్వం దానిని సూత్రప్రాయంగా ఆమోదించింది. 1917లో సేకరణ ఆగింది. ఓడిపోయిన తీర్మానం కూడ ప్రభుత్వాన్ని సమాధానం చెప్పవలసిన స్థితిలో నిలబెట్టగలదని ఈ నాలుగేళ్ళ వ్యవధి చూపింది.

1922 చట్టం: ముందస్తు ఆమోదం

ఈ ఉద్యమ ఫలితమే 1922 నాటి భారత వలస చట్టం. నైపుణ్యం అవసరం లేని పనికి వలస వెళ్ళడం, ప్రభుత్వం ప్రకటన ద్వారా పేర్కొన్న దేశాలకు, పేర్కొన్న షరతులపై మాత్రమే చట్టబద్ధమని అది నిర్దేశించింది. అంతకన్న ముఖ్యమైన నిబంధన మరొకటి ఉంది. ఆ ప్రకటన ముసాయిదాను కేంద్ర శాసన మండలి ఉభయ సభల ముందు ఉంచాలి. ప్రతి సభ తీర్మానం ద్వారా ఆమోదించిన తరువాతనే దానిని జారీ చేయాలి. ఉభయ సభల సభ్యులతో వలస స్థాయీ సంఘం కూడ పనిచేసింది.

వలస పాలనకు సంబంధించినంత వరకు ఇది అసాధారణమైన అధికారం. పరాధీన దేశపు సభ, బాధ్యతాయుత ప్రభుత్వం లేని కాలంలో, కూలీని సముద్రం దాటించడానికి ముందు తన సమ్మతి తప్పనిసరి అనిపించుకొంది. సిలోను, మలయా తోటల కూలీల వేతనాలపై, నివాస వసతులపై భారత ప్రభుత్వం బేరమాడగలగడానికి ఈ చట్టం బలమిచ్చింది. 1938లో మలయాకు సహాయ వలసను, 1939 ఆగస్టు 1 నుంచి సిలోనుకు నైపుణ్యరహిత వలసను ప్రభుత్వం నిలిపివేయడం ఆ ధోరణికి కొనసాగింపే.

రంగం: చట్టానికి వెలుపలి సముద్రం

అయితే గోదావరి జిల్లాల వాడు ఆ కాలంలో ప్రధానంగా వెళ్ళింది సిలోనుకు కాదు, బర్మాకు. తెలుగు పల్లెలలో రంగూన్‌ను ‘రంగం’ అన్నారు. ‘రంగం వెళ్ళాడు’ అన్న మాటలో వరి కోతల కాలానికి ఓడెక్కి, మిల్లులలోనో రేవులోనో పనిచేసి, కొంత సొమ్ముతో తిరిగివచ్చే జీవనక్రమం మొత్తం ఇమిడి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా సస్యశ్యామలమైన తరువాత కూడ భూమిలేని కుటుంబాలకు, పని దొరకని నెలలకు రంగమే ఆధారమైంది. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు సుమారు 10 లక్షల 17 వేలు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి వారే.

1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రం. 1922 చట్టం ‘వలస’ను బ్రిటిషు ఇండియా వెలుపలికి సముద్రం మీదుగా వెళ్ళడంగా నిర్వచించింది. కాబట్టి కాకినాడలో ఓడెక్కి బంగాళాఖాతం దాటిన తెలుగు కూలీ చట్టం దృష్టిలో వలస వెళ్ళనేలేదు. అతని కోసం ముసాయిదా ప్రకటన సభల ముందుకు రాలేదు, షరతులు నిర్ణయం కాలేదు. ప్రయాణ ఖర్చుకు బయానా ఇచ్చి, ఆ అప్పుకు వేతనం నుంచి కోత కోసే మేస్త్రీయే అతనికి ప్రభుత్వం. మేస్త్రీ పద్ధతిలోని అప్పుల ఉచ్చును 1931లో విట్లీ రాయల్ కమిషన్ నివేదిక, 1933లో వెలువడిన ఇ.జె.ఎల్. ఆండ్రూ గ్రంథం నమోదు చేశాయి. అవి విచారణలే కాని నియంత్రణలు కావు.

ఈ శూన్యాన్ని చివరకు శాంతిభద్రతల సమస్య నింపింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకొని, సమ్మె ముగిశాక వారిని తొలగించడంతో అల్లర్లు చెలరేగి పలువురు తెలుగువారు మరణించారు. 1938లో అల్లర్లు మళ్ళీ జరిగాయి. వాటిపై ఏర్పడిన విచారణ సంఘం భారతీయుల రాకను ప్రత్యేకంగా పరిశీలించాలని సూచించింది. ఆ పని జేమ్స్ బాక్స్టర్‌కు అప్పగించారు. భారతీయులు బర్మా కూలీలను పనుల నుంచి తొలగించారనడానికి ఆధారం లేదని ఆయన తేల్చాడు. అయినప్పటికీ 1941లో కుదిరిన ఇండో-బర్మా వలస ఒప్పందం పాస్‌పోర్టులను, వీసాలను తప్పనిసరి చేసి ప్రవేశాన్ని గట్టిగా పరిమితం చేసింది. 1922 చట్టం కోరిన ముందస్తు తీర్మానం వంటిది ఈ ఒప్పందానికి అవసరం కాలేదు. అది ప్రకటితమైన తరువాతనే విమర్శకు గురైంది. గాంధీజీ దానిని బహిరంగంగా తప్పుపట్టారు.

1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను బాంబులు పడడంతో ఒప్పందం అమలు అప్రస్తుతమైంది. లక్షలాది భారతీయులు ఓడలలోను, కొండదారుల వెంట కాలినడకనూ తరలివచ్చారు. వేలమంది దారిలోనే మరణించారు. 1960లలో బర్మాలోని జాతీయకరణ మరొక విడతగా లక్షకు పైగా జనాన్ని స్వదేశానికి పంపింది. తెలుగులో వారందరూ ‘కాందిశీకులు’. ప్రభుత్వ పరిభాషలో 1960లలో వచ్చినవారు స్వదేశానికి మరలివచ్చినవారు మాత్రమే. శరణార్థుల స్థితిపై 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం చేరలేదు. అందువల్ల ఆశ్రయం హక్కుగా చర్చకు రాలేదు, పునరావాస పథకంగా వచ్చింది. విశాఖపట్నంలో బర్మా పేరుతో నిలిచిన పేటలు ఆ పథకాల గుర్తులు.

1983 చట్టం: ఉత్తర్వుల పాలన

1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో పనులు విస్తరించడంతో తోటల కాలపు చట్టం చాలకపోయింది. 1983 నాటి 31వ చట్టం ఆ ఏడాది డిసెంబరు 30న అమలులోకి వచ్చింది. ఏజెంట్ల నమోదు, వలస సంరక్షకుల అనుమతి దాని ముఖ్యాంశాలు. ఒక దేశానికి లేదా ఒక తరగతి వ్యక్తులకు వలసను నిషేధించే అధికారాన్ని అది కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 1922 నాటి ముందస్తు తీర్మానం ఇందులో లేదు. నియమాలు జారీ అయిన తరువాత పార్లమెంటు ముందుకు వస్తాయి.

ఈ మార్పును కేవలం దిగజారుడుగా చూడడం సరికాదు. స్వతంత్ర భారతంలో విదేశానికి వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ కేసులోను, 1978లో మేనకా గాంధీ కేసులోను స్పష్టం చేసింది. దేశాల జాబితాను సభ ఆమోదించేదాకా పౌరుణ్ణి ఆపే పద్ధతి ఆ స్వేచ్ఛతో పొసగదు. 1990లో కువైట్ ఆక్రమణ సమయంలో లక్షన్నరకు మించిన భారతీయులను తరలించవలసి వచ్చినప్పుడు కార్యనిర్వాహక వర్గపు వేగమే ప్రాణాలు నిలిపింది. చర్చించవలసింది ముందస్తు ఆమోదం పోయిన తరువాత దాని స్థానంలో ఏ పరిశీలన వచ్చిందన్నదే.

వచ్చినవి రెండు. మొదటిది ప్రశ్నోత్తరం. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర చిహ్న ప్రశ్నలు, 230 నక్షత్ర చిహ్నం లేని ప్రశ్నలు అనుమతిస్తారు. రెండవది 1993లో విస్తరించిన శాఖాపరమైన స్థాయీ సంఘాల వ్యవస్థ. 1983 చట్టానికి బదులు కొత్త చట్టం అవసరమని విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం పదేపదే కోరింది. 2019లోను, 2021లోను ముసాయిదా బిల్లులు ప్రజాభిప్రాయానికి వచ్చాయి కాని చట్టాలు కాలేదు.

రక్షణ నిబంధన, దాని నీడ

ప్రశ్నకు వచ్చే సమాధానం శాఖ దగ్గర ఉన్న లెక్కను మించలేదు. ఆ లెక్క వలస అనుమతి వ్యవస్థ నుంచి పుడుతుంది. 18 దేశాలకు, అదీ అనుమతి తప్పనిసరి అయిన పాస్‌పోర్టు ఉన్నవారికి మాత్రమే ఆ వ్యవస్థ వర్తిస్తుంది. పదవ తరగతి ఉత్తీర్ణులు సాధారణంగా దాని పరిధిలోకి రారు. వారు ఎన్నాళ్ళకు, ఏ పనికి వెళ్ళారో అనుమతి దస్త్రంలో ఉండదు.

ఇంటిపనికి వెళ్ళే స్త్రీల విషయంలో రక్షణ పేరిట నిబంధనలు ఒకదానిపై ఒకటి చేరాయి. 2007లో 30 ఏళ్ళ కనీస వయస్సు వచ్చింది. తరువాత విదేశీ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు పూచీ ఇవ్వాలన్న షరతు వచ్చి, 2017లో సడలింది. 2016లో ఈ స్త్రీల సేకరణను రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అటువంటివి. ఒక్కొక్క నిబంధన వెనుక నిజమైన దోపిడీ ఉంది. జీతం ఎగవేత, పాస్‌పోర్టు లాగుకోవడం, దెబ్బలు, యజమాని అనుమతి లేనిదే పని మారలేని కఫాలా పద్ధతి గల్ఫ్ వలసలో అందరికీ తెలిసినవే.

కాని పల్లెలో అప్పు, ఆడపిల్ల పెండ్లి, ఇంటి నిర్మాణం 30 ఏళ్ళ దాకా ఆగవు. నిబంధనకు లోబడని స్త్రీకి సబ్‌ఏజెంటు సందర్శక వీసా చూపిస్తాడు. అక్కడికి చేరాక దానిని పని వీసాగా మార్చవచ్చునంటాడు. ఆమె విమానాశ్రయంలో ‘సందర్శకురాలు’గా దాటుతుంది. ఆ క్షణం నుంచి అనుమతి లెక్కలో ఆమె లేదు. వలస అనుమతితో ముడిపడిన ప్రవాసీ భారతీయ బీమా ఆమెకు అందదు. రాయబార కార్యాలయం తలుపు తట్టినప్పుడో, క్షమాభిక్ష కాలంలో తిరిగివచ్చినప్పుడో, శవపేటికగా వచ్చినప్పుడో మాత్రమే రాజ్యానికి ఆమె ఎదురవుతుంది. కాకినాడ రేవులో ఓడెక్కిన కూలీని నిర్వచనం మినహాయించింది. ఈమెను నిషేధం మినహాయించింది. పరిశీలించే సభ దృష్టిలో ఫలితం ఒక్కటే.

ప్రాతినిధ్యం లేకపోవడం ఇందుకు కారణమనలేం. కోనసీమలోని మరొక లంక గ్రామం యెదుర్లంకకు చెందిన జి.ఎం.సి. బాలయోగి 1998 నుంచి 2002లో ప్రమాదంలో మరణించేదాకా లోక్‌సభాపతిగా ఉన్నారు. ప్రశ్నను అనుమతించే అత్యున్నత స్థానంలో ఈ ప్రాంతపు వ్యక్తే ఉన్నా, శాఖ నమోదు చేయని మనిషి గురించి వేసిన ప్రశ్నకు సంఖ్య పుట్టదు. లోపం సభ్యునిలోను, సభాపతిలోను లేదు. సమాధానం తయారయ్యే దస్త్రంలో ఉంది.

ముగింపు

1838 నుంచి నేటి వరకు వలసపై చట్టసభల పరిశీలన మూడు రూపాలు ధరించింది. అవి అనంతర అభ్యంతరం, ముందస్తు ఆమోదం, ప్రశ్నోత్తర-స్థాయీ సంఘ పరిశీలన. రెండవ రూపం అత్యంత బలమైనది. అయినా బర్మా కూలీకి అది అక్కరకు రాలేదు. మూడవ రూపం అత్యంత విస్తృతమైనది. అయినా సందర్శక వీసాపై వెళ్ళిన ఇంటిపని స్త్రీకి అది అందడం లేదు. పరిశీలనాధికారపు బలం కంటే ‘వలస’ అన్న మాటకు చట్టం ఇచ్చే పరిధి ఇక్కడ నిర్ణాయకమైందని దీనివల్ల తెలుస్తున్నది.

1983 చట్టానికి బదులు వచ్చే ఏ చట్టమైనా ఈ చరిత్రకు సమాధానం చెప్పాలి. ఒక తరగతి స్త్రీల ప్రయాణాన్ని ఆపే ప్రతి ప్రకటనకు కారణాలను, దాని ఫలితాల అంచనాను నిర్ణీత గడువులో ఉభయ సభల ముందు ఉంచే బాధ్యత అందులో ఉండాలి. అనుమతి పొందినవారినే కాక, తిరిగివచ్చినవారిని, ఫిర్యాదు చేసినవారిని, విదేశంలో మరణించినవారిని జిల్లాల వారీగా, స్త్రీపురుషుల వారీగా నమోదు చేసే ఏర్పాటు ఉండాలి. అప్పుడు అమలాపురం ప్రతినిధి అడిగిన ప్రశ్నకు అమలాపురం గురించిన సమాధానం వస్తుంది. బండారులంక మగ్గాన్ని లెక్కించగలిగిన రాజ్యానికి కోనసీమ నుంచి విమానమెక్కిన స్త్రీని లెక్కించడం అసాధ్యమైన పని కాదు.